చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు: 72 వోల్టుల లెడ్ ఆసిడ్ తీసి లిథియం వేయాలి, ఎక్కడ మొదలుపెట్టను?

లోడుబండి72
నా ట్రక్కులో 6 వోల్టుల లెడ్ బ్యాటరీలు 12 ఉన్నాయి, ఒక్కోటి 225 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత). కొత్తలో ఒక ఛార్జికి 60 కిలోమీటర్లు హాయిగా వెళ్లేది. నాలుగేళ్లయింది. ఇప్పుడు 25 దాటగానే ముక్కుతోంది. లోడుతో ఎత్తు ఎక్కాలంటే వెనక సైకిళ్లు కూడా దాటేసి పోతున్నాయి. రోజూ 45 కిలోమీటర్ల పని ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఆపి ఛార్జింగ్ పెట్టక తప్పడం లేదు, సగం రోజు దానికే పోతోంది. పాతవి తీసేసి అదే చోట లిథియం పెట్టి, అవే వైర్లు బిగించి, అదే ఛార్జర్ వాడుకోవచ్చా? చేసినవాళ్లు చెప్పండి.

తీగలపని
అదే ఛార్జర్ మాత్రం వద్దు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పాతఇంజను
కొత్త లెడ్ సెట్ వేసుకో అన్నా. బండి దానికే తయారైంది, నీళ్లు పోసుకుంటూ ఉంటే ఇంకో నాలుగేళ్లు నడుస్తుంది. లిథియం అంటే బండి సగం విప్పాలి.

ఓంసూత్రం
కొనే ముందు కొలవండి. 12లో ఏది పోయిందో తెలియకుండా మొత్తం సెట్టు పోయిందని అనుకోవద్దు. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు) ఒక్కటి బలహీనమైనా మిగతా 11 దానితోపాటే ఆగిపోతాయి. ఫుల్ ఛార్జి చేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున ఒక్కో బ్యాటరీ వోల్టేజి, ఒక్కో సెల్ హైడ్రోమీటర్ (ఆసిడ్ సాంద్రత చూసే పరికరం) రీడింగు రాసుకోండి. తర్వాత ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని, లోడు మీద ఏది ఎంత పడిపోతోందో చూడండి. రెస్టులో అన్నీ బాగానే కనిపిస్తాయి, అసలు సంగతి లోడు మీదే బయటపడుతుంది.

రాత్రిడ్యూటీ
ఓంసూత్రం గారి మాటే నాదీ. నేను కొలవకుండా సెట్టు మొత్తం మార్చాను. తీరా చూస్తే ఒక కేబుల్ లగ్గు (చివర బిగించే లోహపు కొన) లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంది. పాత సెట్టు అప్పటికే పోయింది, ఇచ్చేశాను. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

లోడుబండి72
కొలిచాను. తమ్ముడు నడిపాడు, నేను వెనక మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. 100 ఆంప్స్ దగ్గర 3వ నంబరు నుంచి 12 వరకు అన్నీ 5.9 అటూ ఇటూ. 1వది 4.9, 2వది 5.1. హైడ్రోమీటర్‌లో పది బ్యాటరీలు 1.260 పైనే ఉన్నాయి. ఈ రెండూ రాత్రంతా ఛార్జి పెట్టినా 1.180 దాటలేదు. కేబుళ్లు అన్నీ గట్టిగానే ఉన్నాయి.

తీగలపని
1, 2 రెండూ పక్కపక్కనే పోయాయంటే ఒక అనుమానం. మీ లైట్లు, హారన్, వైపర్లకు 12 వోల్టులు ఎక్కడి నుంచి వస్తోంది? వైరు వెంట వెళ్లి చూసి చెప్పండి.

లోడుబండి72
ఇప్పుడే సీటు ఎత్తి చూశాను. 1, 2 బ్యాటరీల నుంచే! రెండు 6లు కలిపి 12 అని అక్కడి నుంచి లాగారు. కొన్నప్పుడే అలా ఉంది, నేనెప్పుడూ పట్టించుకోలేదు.

తీగలపని
అదీ విషయం. పన్నెండూ కలిసి మోటారుకు పనిచేస్తుంటే, ఆ రెండూ దానిపైన లైట్లకు కూడా పనిచేస్తున్నాయి. రోజూ మిగతావాటికన్నా లోతుగా ఖాళీ అవుతాయి. ఛార్జర్ మొత్తం 72 చూసి నిండిందని ఆపేస్తుంది, ఈ రెండూ సగంలోనే ఉండిపోతాయి. అలా రోజుల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకట్టక ఏమవుతుంది? నాలుగేళ్లు ఓర్చుకున్నాయంటేనే గొప్ప.

కొత్తగా ఏ బ్యాటరీ వేసినా ఈ ట్యాపింగ్ తీసేయండి. 72 నుంచి 12 చేసే డీసీ కన్వర్టర్ పెట్టండి. లిథియంలోనూ ఇలాగే నాలుగు సెల్స్ నుంచి 12.8 లాగితే బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టుకుని కాపాడే సర్క్యూట్) ఎంత బ్యాలెన్స్ చేసినా సరిపోదు. దాని బ్యాలెన్సింగ్ కరెంటు ఆంపులో చిన్న భాగమే ఉంటుంది, మీ హెడ్‌లైట్లు పది ఆంప్స్ తింటాయి.

పాతఇంజను
అయితే రెండే మార్చితే పోయేదిగా! పది బాగున్నాయి.

ఓంసూత్రం
నాలుగేళ్లు వాడిన పదింటి మధ్య రెండు కొత్తవి పెడితే అవి ఎప్పుడూ ముందే నిండిపోయి, మిగతావి నిండేదాకా ఓవర్‌ఛార్జ్ అవుతాయి. త్వరగా పాతబడతాయి.

పాతఇంజను
కొత్తవి ఎందుకు? అంతే వయసున్న రెండు మంచి పాతవి వెతికి పెట్టుకుంటే చాలు. నేను ఒకటి అలా పెట్టి ఏడాదిన్నర నడిపాను, ఇంకా నడుస్తోంది. ప్రతిదానికీ లిథియం అనక్కర్లేదు.

ఓంసూత్రం
అదైతే నిజమే, ఒప్పుకుంటున్నాను. అదే మోడల్, అదే వయసు దొరికితే అది మంచి దారి.

లోడుబండి72
దొరికితే తాత్కాలికంగా పెట్టుకుంటాను. కానీ నా అసలు ఇబ్బంది బరువు కూడా. ఒక్కో బ్యాటరీ 28 కిలోలు, 12కి 336. బండి మోయాల్సిన లోడులో అంత భాగం బ్యాటరీలే తినేస్తున్నాయి. అందుకే లిథియం వైపు మనసు లాగుతోంది. 225 ఏహెచ్ బదులు 225 లిథియం కొనాలా?

గిలక
అంత అక్కర్లేదు. లెడ్ మీద రాసిన 225 అనేది 20 గంటల్లో నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క. అంటే 11 ఆంప్స్ చొప్పున. అదే బ్యాటరీని 75 ఆంప్స్‌తో లాగితే 115 నిమిషాల్లో అయిపోతుంది, అంటే 144 ఏహెచ్‌కే చేతులెత్తేస్తుంది. ఎక్కువ లాగేకొద్దీ తక్కువ ఇవ్వడం లెడ్ స్వభావం, ప్యూకర్ట్ 1897లోనే దీనికి సూత్రం రాశాడు. లిథియంలో ఈ నష్టం చాలా కొద్ది. కాబట్టి మీ 225 లెడ్‌కు 150 ఏహెచ్ లిథియం దాదాపు సమానం.

ముందు ఒక షంట్ మీటర్ (బ్యాటరీ నుంచి ఎంత కరెంటు వెళ్లిందో లెక్కపెట్టేది) కొని పాత సెట్టు మీదే పెట్టండి. అది రేపు లిథియంకి కూడా కావాలి, వృథా కాదు.

లోడుబండి72
షంట్ పెట్టాను. పాత సెట్టులో 1, 2 స్థానాల్లో సెకండ్‌హ్యాండ్‌వి రెండు దొరికితే పెట్టాను (పాతఇంజను అన్నా, థాంక్స్, ఇప్పుడు 45 వెళ్తోంది). 20 కిలోమీటర్లకు 48 ఏహెచ్ అయింది, సగటున 69 వోల్టులు. అంటే 3.3 యూనిట్లు, కిలోమీటరుకు 165 వాట్అవర్లు. నా 45 కిలోమీటర్లకు ఏడున్నర యూనిట్లు చాలు. 150 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ లిథియం సెల్స్ (ఒక్కోటి 3.2 వోల్టులు) 24 వేస్తే 11.5 యూనిట్లు. 80 శాతమే వాడినా తొమ్మిది. సరిపోతుందిగా?

గిలక
దూరానికి సరిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు షంట్ గరిష్ఠంగా ఎంత చూపించింది?

లోడుబండి72
ఫుల్ లోడుతో 320. అప్పుడు వోల్టేజి 63కి పడిపోయింది.

గిలక
అదే అడుగుదామనుకున్నాను. 150 ఏహెచ్ సెల్ మీద 320 ఆంప్స్ అంటే ఏహెచ్ అంకెకు రెండు రెట్లకు పైగా. చాలా ప్రిస్మాటిక్ (పెట్టె ఆకారపు) సెల్స్‌కు నిరంతరంగా ఇచ్చే హద్దు ఒక రెట్టే. పది సెకన్లయితే ఓర్చుకుంటుంది, నిమిషాలపాటు ఎత్తు ఎక్కితే వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. 280 ఏహెచ్ సెల్స్ చూడండి. అవి ఒక్కోటి ఐదున్నర కిలోల లోపే, 24కి 130 కిలోలు. అంటే 200 కిలోలు తగ్గి కూడా 21.5 యూనిట్లు వస్తాయి. మీకు దూరం కోసం కాదు, ఆ ఎత్తు కోసం పెద్ద సెల్ కావాలి.

ఇంకొకటి. లిథియం అంత లోడులోనూ 76 దగ్గర నిలబడుతుంది. 63 వోల్టులు × 320 ఆంప్స్ అంటే 20 కిలోవాట్లు. 76 × 250 అంటే 19. కంట్రోలర్‌లో (మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టె) బ్యాటరీ కరెంటు హద్దు 250కి దించినా ఎత్తులో మీకు తేడా తెలియదు.

లోడుబండి72
ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. సెల్స్ అమ్మేవాళ్లు ముగ్గురినీ అడిగితే ముగ్గురూ ఎంత దూరం వెళ్లాలి అనే అడిగారు, ఎంత లాగుతుందని ఎవరూ అడగలేదు.

వానాకాలం
24 సెల్స్ ఎందుకు, 72 వోల్టుల కంట్రోలర్‌కు 22 చాలు. 22 × 3.65 అంటే 80.3. 24 అయితే 87.6కి వెళ్తుంది, కంట్రోలర్ కాలిపోతే ఎవరు బాధ్యులు?

తీగలపని
72 లెడ్ సెట్టును ఛార్జి చేసేటప్పుడు అది 88 దాకా వెళ్తుంది, 36 సెల్స్ × 2.45. 87.6 దానికి దగ్గరే.

వానాకాలం
ఛార్జింగ్‌లో కంట్రోలర్ ఆన్‌లో ఉండదుగా. ఛార్జర్ తీశాక లెడ్ 77కి దిగుతుంది. పోల్చాల్సింది దానితో.

తీగలపని
మంచి పాయింటు, దాన్ని కొట్టిపారేయను. లిథియం కూడా ఛార్జర్ తీశాక దిగుతుంది, 24 సెల్స్‌కు 80, 81 దగ్గర నిలుస్తుంది. 77కి, 81కి తేడా నాలుగు వోల్టులు. కానీ మీరన్నట్టు ముందు కంట్రోలర్ మాన్యువల్లో ఓవర్‌వోల్టేజి హద్దు చదవాలి. 95 పైన ఉంటే 24 హాయిగా పెట్టొచ్చు. 85 అని ఉంటే 22కే వెళ్లాలి. లేబుల్ మీద 72 అని ఉండడం ఏమీ చెప్పదు.

అడుగు హద్దు కూడా చూడండి. లెడ్‌కు 63 దగ్గర కట్ అయ్యేలా ఉంటుంది. 24తో భాగిస్తే 2.63, సెల్‌కు భద్రమైన చోటే. అదే 22 అయితే 2.86 దగ్గరే ఆపేస్తుంది, అదీ పరవాలేదు.

పాత ఛార్జర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. లెడ్ ఛార్జర్లు అప్పుడప్పుడూ అన్ని సెల్స్‌నూ సమానం చేయడానికి ఈక్వలైజ్ అని 93 దాకా తీసుకెళ్తాయి. 24 సెల్స్ మీద అది ఒక్కోదానికి 3.87. హద్దు 3.65. నిండాక కూడా సన్నగా కరెంటు పంపుతూనే ఉంటాయి, లిథియంకి ఆ అవసరం లేదు. 84 వోల్టులు, అంటే సెల్‌కు 3.5, దగ్గర ఆగి కట్టేసే ఛార్జర్ తీసుకోండి. పైన మిగిలేది అతి కొద్ది శాతమే.

లోడుబండి72
కంట్రోలర్ మాన్యువల్ దొరికింది. హద్దు 105. 24కే వెళ్తున్నాను.

దిగుడుబండి
బ్రేకు వేస్తే బ్యాటరీలోకి కరెంటు తిరిగి వచ్చే రీజెన్ మీ బండిలో ఉందా? ఉంటే ఇది తప్పక చదవండి, నా బండిలో జరిగింది.

మా ఇల్లు ఎత్తు మీద. రాత్రంతా 100 శాతం ఛార్జి చేసి పొద్దున బయల్దేరితే మొదట వచ్చేది దిగుడే. లిథియం వేసిన మూడో రోజు, దిగుడులో పెడల్ వదిలాను. బండి ఆగుతూ ఆగుతూ ఉన్నదల్లా ఒక్కసారిగా వదిలేసినట్టు ముందుకు ఉరికింది. సీటు కింద టప్ మని ఒక శబ్దం, కాలిన వాసన. మామూలు బ్రేకు తొక్కి పక్కకు ఆపాను. చేతులు పది నిమిషాలు వణుకుతూనే ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, సెల్స్ ముందే నిండి ఉన్నాయి. రీజెన్ కరెంటు రాగానే ఒక సెల్ 3.65 దాటింది, బీఎంఎస్ తలుపు మూసేసింది. వస్తున్న కరెంటుకు వెళ్లే చోటు లేక వోల్టేజి పైకి లేచి కంట్రోలర్ కెపాసిటర్లు పేలాయి. బీఎంఎస్ తప్పు లేదు, దాని పని అది చేసింది. తప్పు నేను అమర్చిన తీరుది.

రాత్రిడ్యూటీ
ఒళ్లు గగుర్పొడిచింది. తర్వాత ఏం మార్చారు?

దిగుడుబండి
మూడు పనులు. 90 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపుతాను. కంట్రోలర్‌లో రీజెన్ వోల్టేజి హద్దు బీఎంఎస్ హద్దు కన్నా కిందికి పెట్టాను, దాంతో బీఎంఎస్ మూసే పరిస్థితి రాకముందే కంట్రోలర్ తనంతట తానే రీజెన్ తగ్గించుకుంటుంది. మూడోది, ప్యాక్ కరెంటంతా తనలోంచి పారే రకం బీఎంఎస్ తీసేసి, సిగ్నల్ ఇచ్చే రకం పెట్టాను. సెల్ హద్దు దగ్గరికి వస్తే అది ముందు రీజెన్ ఆపమంటుంది, పెడల్ తగ్గించమంటుంది. కాంటాక్టర్ (బ్యాటరీని బండికి కలిపే పెద్ద స్విచ్) తెరవడం చివరి మాట.

లోడుబండి72
రీజెన్ ఉంది. బయల్దేరే చోట మాది చదునైన దారే, అయినా ఇది రాసి పెట్టుకున్నాను. చాలా థాంక్స్ అన్నా.

సెకండ్‌హ్యాండ్
కొత్త సెల్సే ఎందుకు? నేను నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారు పాత ప్యాక్ మాడ్యూల్స్ వేసుకున్నాను. 24 యూనిట్ల ప్యాక్‌లో 48 మాడ్యూల్స్ ఉంటాయి, ఒక్కోటి నాలుగు కిలోల లోపు. 10 సిరీస్‌లో వేస్తే 20 సెల్స్, ఫుల్‌లో 84 వోల్టులు. 72 బండికి అచ్చంగా సరిపోతుంది.

ఓంసూత్రం
సరిపోతుంది, కానీ మూడు జాగ్రత్తలు. 10 మాడ్యూల్స్ అంటే కొత్తలోనే 5 యూనిట్లు, పాతవి ఎంత మిగిలాయో ఒక్కోటి కొలవాలి. లోడుబండికి కనీసం రెండు వరుసలు, ఆ 320 ఆంప్స్ లెక్కకు మూడు వేస్తే మేలు. ఆ కెమిస్ట్రీలో సెల్‌కు 4.2 వోల్టులు, ఫాస్ఫేట్ సెల్స్ ఛార్జర్, బీఎంఎస్ సెట్టింగులు దానికి పనికిరావు. వేడి విషయంలోనూ ఐరన్ ఫాస్ఫేట్ ఎక్కువ ఓర్పు గలది. సీటు కింద పెట్టుకునే బ్యాటరీకి నేనైతే ఫాస్ఫేట్‌కే ఓటు.

సెకండ్‌హ్యాండ్
నావి వెనక తొట్టి కింద ఉన్నాయి లెండి. కానీ కొలవాలన్నది నిజం, 24 తెస్తే 5 పక్కన పెట్టాల్సి వచ్చింది.

లోడుబండి72
సెల్స్ వచ్చాయి. అన్నీ 3.29, 3.30 మధ్య ఉన్నాయి. అన్నీ పక్కపక్కన (పారలల్‌లో) కలిపి 3.65కి టాప్ బ్యాలెన్స్ చేయమని, అంటే అన్నిటినీ ఒకే పై స్థాయికి నింపమని చదివాను. నా దగ్గర 10 ఆంప్స్ సప్లై ఉంది. రాత్రికి పెడితే పొద్దునకు అవుతుందా?

గిలక
24 కలిపితే 6720 ఏహెచ్. సగం నింపాలంటేనే 10 ఆంప్స్‌తో 336 గంటలు. రెండు వారాలు! ముందు సిరీస్‌లో బిగించి, బీఎంఎస్ పెట్టి, మీ కొత్త ఛార్జర్‌తో నింపండి. ఏదో ఒక సెల్ 3.6 చేరి బీఎంఎస్ ఆపాక, విప్పి అన్నీ పారలల్‌లో కలిపి, సప్లై 3.65కి సెట్ చేసి వదలండి. అప్పుడు ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది. సప్లై వోల్టేజి మాత్రం సెల్స్‌కు తగిలించక ముందే సెట్ చేయాలి.

తీగలపని
బిగించేటప్పుడు ఉంగరం, గడియారం, కడియం అన్నీ తీసి పక్కన పెట్టండి. స్పానర్‌కు పిడి మొత్తం టేపు చుట్టండి. ఆ సెల్ షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తాయి, స్పానర్ అతుక్కుపోతుంది. ఫ్యూజు డీసీకి, మీ వోల్టేజికి తగినదే కావాలి, క్లాస్ టి అనే రకం అయితే మంచిది. ఇంట్లో వాడే ఏసీ బ్రేకర్ పెట్టొద్దు, డీసీలో ఆర్క్ (తెరిచిన కాంటాక్టుల మధ్య లేచే మంట) ఆరదు. కాంటాక్టర్‌కు ప్రీఛార్జ్ రెసిస్టర్ (ముందుగా కొద్దికొద్దిగా కరెంటు పంపేది) మరచిపోకండి, లేకపోతే కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా మింగే కరెంటుకు కాంటాక్టులు కరిగి అతుక్కుంటాయి.

చలిప్రాంతం
మీ దగ్గర చలి ఎక్కువైతే ఒక మాట. సున్నా డిగ్రీల కింద ఈ సెల్స్‌ను ఛార్జి చేయకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, అది మళ్లీ కరగదు. వాడడం పరవాలేదు. టెంపరేచర్ సెన్సర్ ఉన్న బీఎంఎస్ తీసుకుంటే అదే ఆపుతుంది.

లోడుబండి72
అయింది! పన్నెండేసి సెల్స్ రెండు వరుసలు, రెండు వైపులా అల్యూమినియం ప్లేట్లు వేసి పొడవాటి రాడ్లతో బిగించాను. సెల్స్ మధ్య సన్నని ఇన్సులేషన్ షీట్లు. 12 వోల్టులకు కన్వర్టర్ పెట్టి ఆ పాత ట్యాపింగ్ వైరు మొదలంటా పీకేశాను.

మొదటి రోజు ఒకటి గమనించాను. ఎత్తు ఎక్కి ఆపాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోయాను. అన్నీ 37, 38. తొమ్మిదో సెల్ మైనస్ మాత్రం 71. విప్పి చూస్తే బస్‌బార్ (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ) కింద సగం మేర, కంటికి కనపడనంత పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయింది. గోటితో గీరితే చుట్టలా లేచి వచ్చింది. టెర్మినల్ అల్యూమినియం కదా, పొర తీసి సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, టార్క్ రెంచితో 5 న్యూటన్ మీటర్లకు బిగించాను. ఇప్పుడు 38.

రాత్రిడ్యూటీ
ఆ థర్మామీటర్ బండి కాపాడింది. నా లగ్గు సంగతి గుర్తొచ్చింది. నేనూ ఒకటి కొంటున్నాను.

పాతఇంజను
200 కిలోలు తగ్గాయి కదా, వెనక భాగం ఎత్తు లేచిందా? కమాన్ కట్టలు ఆ బరువుకు వేసినవి.

లోడుబండి72
లేచింది అన్నా. ఖాళీ బండి గుంతల్లో ఎగురుతోంది, లోడు వేస్తే బాగుంది. వెనక లేవడంతో ముక్కు వంగి హెడ్‌లైట్ల వెలుగు బాగా దగ్గరే పడుతోంది, స్క్రూ తిప్పి సరిచేశాను. తడి రోడ్డు మీద ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు ముందే జారుతున్నట్టు ఉంది, బ్రేకు చూపించాలి.

పాతఇంజను
అది మాత్రం ఆలస్యం చేయకు. ఒక కమాన్ పట్టీ తీయించి చూడు, కానీ ఫుల్ లోడులో టైరు రాసుకోకుండా ఉండాలి. తొందరపడి రెండు తీయించొద్దు.

వానాకాలం
డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ ముల్లు ఏం చూపిస్తోంది?

లోడుబండి72
రోజంతా ఫుల్లే చూపిస్తోంది! చూసి మా తమ్ముడు బ్యాటరీ అయిపోదు అనుకుంటున్నాడు.

గిలక
ఆ ముల్లు లెడ్ వోల్టేజికి తయారైంది. ఫాస్ఫేట్ సెల్ 80 శాతం నుంచి 20 దాకా దాదాపు ఒకే వోల్టేజిలో ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. ముల్లు మీద టేపు అంటించేసి తమ్ముడికి షంట్ మీటర్ చూడడం నేర్పండి. వారానికొకసారి ఫుల్ ఛార్జి చేసి మీటరును 100కి సరిచేస్తే లెక్క తప్పదు.

వెలుగుబాట
మొత్తం చదివాను, మా బండిదీ ఇదే కథ. పాత లెడ్‌వి ఏం చేశారు? షెడ్డులో పడేయలేం కదా.

లోడుబండి72
పది రీసైక్లింగ్‌కు ఇచ్చేశాను, మూతలు బిగించి నిలువుగా పెట్టి పట్టుకెళ్లాను. సెకండ్‌హ్యాండ్‌వి రెండు బాగున్నాయి, పాతఇంజను అన్నకు పంపిద్దామనుకుంటున్నాను.

పాతఇంజను
పంపు తమ్ముడూ, నా 7వది ఈ వారమే నీరసపడింది. ఇంతకీ ఎంత దూరం వస్తోంది?

లోడుబండి72
నిన్న ఆపకుండా 84 తిరిగాను, సగం దూరం లోడుతో. 164 ఏహెచ్ వాడింది, ఇంకా 116 మిగిలింది. కిలోమీటరుకు 165 ఉన్నది 150కి దిగింది. ఆ ఎత్తు మీద 240 ఆంప్స్, 76 వోల్టులు, గిలక గారు చెప్పినట్టే. బ్రేకు పని రేపు పొద్దున. ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.